ఎడమ బడ్‌లో పై షడ్జం

మా ఇంట్లో మనుషులం ఇద్దరం, ఇయర్‌ఫోన్లు నాలుగు జతలు. ఒకటి మావారి ఫోనుతో పాటు వచ్చిన తెల్ల వైరుది. రెండోది నేను ఏరికోరి కొనుక్కున్న నల్ల వైరుది. మూడోది మావారు ముచ్చటపడి తెచ్చుకున్న వైరు లేనిది, డబ్బాలో పెట్టి చార్జింగు చేసుకునే రకం. నాలుగోది మా ఆడపడుచు కూతురు సెలవులకి వచ్చి సోఫా సందులో మర్చిపోయి వెళ్ళింది. ఫోను చేసి చెబితే "ఉంచేసుకో అత్తా, నా దగ్గర ఇంకోటుంది" అంది.

మావారు రోజూ తెనాలి నుంచి బాపట్ల వెళ్ళి డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి వస్తారు. నేను వయొలిన్ నేర్పుతాను. మంగళ, శుక్రవారాలు రేపల్లెలో, మిగతా రోజులు మా ఇంటి ముందు గదిలో. రైలెక్కి కూర్చోగానే ఆయన సినిమా పెట్టుకుంటారు, నేను కచేరీ పెట్టుకుంటాను. చుండూరు దాటేసరికి ఆయనకి ఒక ఫైటు అయిపోతుంది. నాకు భట్టిప్రోలు వచ్చేసరికి రాగాలాపన పూర్తవుతుంది. ఆయన సినిమా అంటే చెవి కోసుకుంటారు. నాకు సినిమా అంటే మూడు గంటలు కదలకుండా కూర్చోవడం, అంతే.

అందుకని ఏ ఇయర్‌ఫోన్లు మంచివన్న విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడలేదు. ఆయన వైరు లేని జతలో బేస్ ఎక్కువ. దాంట్లో కచేరీ వింటే మృదంగం ఎడమ పక్క మోగినప్పుడల్లా పక్కింటివాళ్ళు పరుపు దులుపుతున్నట్టు ఉండేది. వయొలిన్ ఎక్కడో ఆ దుమ్ములో కొట్టుకుపోయేది. నా నల్ల జత ఆయన పెట్టుకుని సినిమా చూస్తే, "ఇదేంటే, బాంబు పేలితే అప్పడం విరిగినట్టుంది" అని తీసి బల్ల మీద పెట్టేవారు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "మీ సినిమాల్లో బాంబులు అప్పడాల పాటి చెయ్యవు కాబట్టి" అనేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన రూళ్ళ నోటుపుస్తకం తీశారు. లెక్కల మాస్టారు కదా, ఎలాంటి గొడవైనా గళ్ళు గీసి తేల్చాలంటారు. నాలుగు జతలు, సంగీతానికో గడి, సినిమాకో గడి, అందులో మళ్ళీ కుడి, ఎడమ విడివిడిగా, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని. అన్నీ ఒకే పరీక్ష రాయాలి కాబట్టి సంగీతానికి నా ఫోనులో ఉన్న పాత వయొలిన్ కచేరీ, సినిమాకి ఆయనకిష్టమైన వాన సీను. ఆ సీనులో రేకుల కప్పు మీద వాన కురుస్తుంటుంది, దూరం నుంచి లారీ వస్తుంటుంది, ఆ చప్పుళ్ళ మధ్య ఒక తల్లి కొడుకుతో చాలా మెల్లగా ఒక మాట చెబుతుంది. ఆ మాట వినబడాలి, లారీ కూడా గుండెల మీదికి రావాలి. ఆయన కొలబద్ద అది.

ఆ రోజు నా మనసు బాగా లేదని ఇక్కడే చెప్పాలి. మా కొల్లూరు బాబాయిగారు నెల రోజులుగా క్లాసుకి రావడం లేదు. వరసకి బాబాయి కాదు, పెద్దాయన కాబట్టి అలా పిలిచేదాన్ని. ఏటి మధ్య లంకలో అరటితోట ఉంది ఆయనకి. అరవై దాటాక వ్యవసాయం అల్లుడికి అప్పగించి, చిన్నప్పట్నుంచీ ఉన్న కోరిక అని వయొలిన్ కొనుక్కుని బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. పార పట్టి బండబారిన వేళ్ళు. రెండేళ్ళలో ఆ వేళ్ళు మెత్తబడ్డాయి, గీతాలు దాటి వర్ణంలోకి వచ్చారు. నా దగ్గర చాలామంది నేర్చుకున్నారు గానీ ఇంత ఇష్టంగా వాయించినవాళ్ళు లేరు. ఆయనంటే నాకు చాలా ప్రేమ. అయినా మూడు నెలలు ఆయన్ని కాల్చుకు తిన్నాను. పై షడ్జం దగ్గర ప్రతిసారీ శ్రుతి మించిపోతున్నారని. షడ్జమంటే సరిగమల్లో మొదటి స. పైస్థాయిలో మళ్ళీ వచ్చే ఆ స్వరాన్ని పై షడ్జం అంటాం. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా దాచుకోలేం.

"వేలు కిందకి జరపండి బాబాయిగారూ. ఇంకా కిందకి. చెవి పెట్టి వినండి, చెవి ఎక్కడ పెట్టారు?" అని అందరి ముందూ అన్నాను. ఆయన "అలాగేనండి టీచరమ్మా" అనేవారు. ఒక రోజు మరీ విసుగొచ్చి, "మీకు రెండేళ్ళ కిందట వినబడింది ఇప్పుడు వినబడట్లేదా?" అనేశాను. ఆ తర్వాత వారం నుంచి రాలేదు. ఫోను చేస్తే "తోటలో పనులున్నాయండి" అన్నారు. అల్లుడికి అప్పగించిన తోటలో ఈయనకేం పనులని నేనూ ఊరుకున్నాను. లోపల మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

సరే, పోటీ మొదలైంది. ముందు సినిమా. తెల్లవైరు జతలో వాన బాగానే కురిసింది గానీ లారీ సైకిలంత ఉంది. సోఫాలో దొరికిన జతలో లారీ వచ్చింది, తల్లి మాట పోయింది. మావారి జతలో అన్నీ వచ్చాయి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఆ తల్లి గొంతు చెవిలో చెబుతున్నంత దగ్గరగా ఉంది. నా నల్ల జతలో తల్లి మాట ఇంకా స్పష్టం, ఊపిరి కూడా వినబడింది, కాకపోతే లారీ మా వీధి చివరే ఆగిపోయింది. సినిమా వరకూ ఇద్దరం దాదాపు ఒకే మార్కులు వేశాం. మా పెళ్ళయ్యాక ఇంత తొందరగా ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

తర్వాత సంగీతం. నా నల్ల జత కుడి బడ్ ఒక్కటే పెట్టుకుని విన్నాను. తంబుర వెనక నిలకడగా ఉంది, కమాను తీగని ఒరుసుకునే గరుకు కూడా తెలుస్తోంది. పది వేశాను. కుడిది తీసి ఎడమ బడ్ పెట్టుకున్నాను. కింది స్వరాలన్నీ బాగానే ఉన్నాయి. వాయించేవారు పైకి ఎక్కారు. పై షడ్జం దగ్గర నిలిచారు. శ్రుతి మించి ఉంది. ఎంతో కాదు, కానీ ఉంది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మళ్ళీ అంతే. కుడి బడ్‌లో అదే చోటు శుభ్రంగా ఉంది.

"నా జత పాడైపోయిందండీ" అన్నాను దిగులుగా. మావారి జత పెట్టుకున్నాను. కుడిది సరే, ఎడమది తప్పు. తెల్లది, అంతే. సోఫా జత, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ కంపెనీలవాళ్ళలో ఒక్కడికైనా శ్రుతిజ్ఞానం ఉందా? లారీలూ బాంబులూ వినడానికి చేసి మా మొహాన కొడతారు" అని అన్నింటికీ ఎడమ గడిలో సున్నాలు చుట్టేశాను.

మావారు ఒక్కొక్కటీ తీసుకుని విన్నారు. "నాకు రెండు వైపులా ఒకటేలా ఉందే" అన్నారు.

"మీకేం తెలుస్తుంది లెండి."

ఆయన నోటుపుస్తకం వంక చూశారు. "నాలుగు జతలు, నాలుగు కంపెనీలు. నాలుగింట్లోనూ ఎడమ పక్కే, అదే స్వరం దగ్గరే పాడైందంటావా?"

"అంటాను" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, పుస్తకం మూసి, కాఫీ పెట్టడానికి లేచారు. మాట పెరగాల్సిన చోట ఆయన అలా లేచిపోతే నాకు భయం వేస్తుంది. ఆ రోజూ వేసింది.

మర్నాడు సాయంత్రం నాలుగు జతలూ సంచీలో వేసుకుని తెనాలి స్టేషను దగ్గర ఫోన్ల షాపుకి వెళ్ళాను. షాపు నడిపే అతనికి ముప్ఫై ఏళ్ళుంటాయి. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. "అక్కా, ఇయర్‌ఫోను పాడైతే సౌండు తగ్గుద్ది, లేకపోతే గరగరలాడుద్ది. శ్రుతి మారడం నేనెప్పుడూ చూళ్ళేదక్కా. ఫోను ఏ స్వరం పంపితే అదే పలుకుద్ది" అన్నాడు.

"నాకు నలభై ఏళ్ళ నుంచీ శ్రుతి తెలుసు నాయనా" అన్నాను, గొంతు కాస్త పెంచే.

అతను నొచ్చుకోలేదు. నా నల్ల జత తీసుకుని రబ్బరు బుడిపెలు తుడిచి, "పోనీ ఒక పని చెయ్యండక్కా. ఎడమదాన్ని కుడి చెవిలో పెట్టుకుని వినండి, కుడిదాన్ని ఎడమ చెవిలో" అన్నాడు.

అతను చెప్పినట్టే చేశాను. ఎడమ బడ్ కుడి చెవిలో పెట్టుకుంటే పై షడ్జం నిఖార్సుగా పలికింది. కుడి బడ్, నిన్న పదికి పది వేసిన ఆ బడ్, ఎడమ చెవిలో పెట్టుకుంటే శ్రుతి మించింది.

అతను "ఏంటక్కా, తేడా తెలిసిందా?" అంటున్నాడు. తెలిసింది. షాపు ముందు ఆటోలు, బస్సులు, పళ్ళ బండ్లు, అన్నీ ఎప్పటిలాగే మోత మోగుతున్నాయి. అన్నీ బాగానే వినిపిస్తున్నాయి నాకు. అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. మనుషుల మాటలు, సినిమాలో వాన, లారీ, ఏ ఒక్కటీ నా చెవిని పట్టివ్వలేదు. వయొలిన్ పైస్థాయి ఒక్కటే పట్టిచ్చింది.

ఇంటికి నడిచొస్తుంటే రెండో సంగతి తట్టింది. మా ముందు గదిలో నేను గోడకి ఆనుకుని కూర్చుంటాను. శ్రుతిపెట్టె నా కుడి పక్కన. కొల్లూరు బాబాయిగారు మోకాళ్ళ నొప్పులని ఎప్పుడూ గుమ్మం దగ్గర, నాకు ఎడమ పక్కన కూర్చుంటారు. శ్రుతి ఒక చెవిలో పడుతోంది, ఆయన వయొలిన్ ఇంకో చెవిలో పడుతోంది. ఆయన సరిగ్గా వాయించారు. మూడు నెలలు సరిగ్గా వాయించిన మనిషిని నేను అందరి ముందూ తిట్టాను. చెవి ఎక్కడ పెట్టారని అడిగాను. రోడ్డు మీద నడుస్తూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, సిగ్గుతో.

చెవి డాక్టరు దగ్గరికి మావారే తీసుకెళ్ళారు. ఎడమ చెవి పై స్వరాల దగ్గర బలహీనపడిందని, అలాంటప్పుడు ఒక్కొక్కరికి స్వరం కాస్త జరిగి వినిపిస్తుందని డాక్టరు చెప్పాడు. మామూలు మనుషులు ఏళ్ళ తరబడి గమనించరట. మందులతో వెనక్కి వస్తుందని హామీ ఇవ్వలేనన్నాడు. మావారు బయటికొచ్చాక, "నీకు ఆదివారమే చెప్పేవాణ్ణి. నువ్వు తట్టుకోలేవేమోనని ఊరుకున్నాను" అన్నారు. నేను ఆయన్ని కూడా తిడతాననుకుని ఉంటారు. తిట్టలేదు. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాను.

చెవి సంగతి కన్నా నన్ను ఎక్కువ తొలిచేసింది బాబాయిగారి సంగతి. ఫోనులో చెప్పే మాట కాదు. మర్నాడు క్లాసులు మానేసి కొల్లూరు బస్సెక్కాను. ఆ రోజు ఇయర్‌ఫోన్లు తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళినా ఏమీ వినబుద్ధయ్యేది కాదు. ఆయనకి ఎలా చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. తప్పు నాదని చెప్పాక ఆయన నన్ను ఎంత మాటన్నా పడాలి, తిరిగి రాను అంటే కాళ్ళావేళ్ళా పడైనా రప్పించాలి.

ఆయన నన్ను చూసి కంగారుపడిపోయారు. "అదేంటి టీచరమ్మా, మీరొచ్చారేంటి? కబురెడితే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అని కుర్చీ తుడిచి వేశారు. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చింది. నేను నీళ్ళు తాగి, ఇంకేం మాట్లాడినా ధైర్యం పోతుందేమోనని, "బాబాయిగారూ, వయొలిన్ మానేశారా?" అని అడిగాను.

ఆయన తల వంచుకున్నారు. వాళ్ళావిడే అందుకుంది. "మానేశారమ్మా. అంతకు ముందు పొద్దస్తమానం అదే పని. ఒకే చోట తిప్పి తిప్పి వాయించేవారు. ఏంటయ్యా వినడానికి బాగోలేదూ అంటే, టీచరమ్మ అలాగే చెప్పారు అనేవారు."

నేను వయొలిన్ తీసుకురమ్మన్నాను. ఆయన బీరువా మీంచి పెట్టె దించి తెరిచారు. అన్నిటికన్నా సన్నటి తీగ కింద, వేలు పెట్టే పలక మీద, దగ్గర దగ్గరగా రెండు గీతలు గీసి ఉన్నాయి. పైగీత పాతది, వేలి రాపిడికి సగం చెరిగిపోయింది. కిందిది కొత్తది.

"ఇవేంటండీ?"

"పైది మొదట్లో నేను పెట్టుకున్నదండి. నా చెవికి పై షడ్జం అక్కడే అనిపించేది. మీరు కాదన్నాక, మీరు చెప్పిన చోట ఇంకో గీత పెట్టుకున్నా. అక్కడ వాయిస్తే నా చెవికి బాగుండేది కాదండి. అయినా మీరు చెప్పారు కదా అని అదే సాధకం చేశా." ఆయన ఆగి, నవ్వబోయి మానేశారు. "ఎంతకీ నా చెవి దానికి అలవాటు పడలేదండి. ఇలాక్కాదని రేపల్లె వెళ్ళి చెవి డాక్టరుకి చూపించుకున్నా."

ఏమన్నారని అడిగాను.

"నిక్షేపంలా ఉన్నాయన్నారండి రెండు చెవులూ. చెవిలో లోపం లేదంటే ఇంక సంగీతమే నా వంట్లో లేదని అర్థం కదండీ. అందుకని మానేశా. మీకు ఆ మాట చెప్పలేక తోటలో పనులని అబద్ధమాడా. ఏమీ అనుకోకండి టీచరమ్మా."

"మరి నా చెవి గురించి ఒక్కసారైనా అనుమానం రాలేదా బాబాయిగారూ?"

"భలేవారే. మీ చెవిని అనుమానించడం ఏంటండీ?" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు.

అప్పుడు చెప్పాను అంతా. నాలుగు జతల ఇయర్‌ఫోన్ల పోటీ, సున్నాలు, షాపులో బడ్లు మార్చుకోవడం, డాక్టరు చెప్పింది. కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు, ఏడుపొచ్చింది. "మీరు తప్పు వాయించలేదు. తప్పు నాది. మిమ్మల్ని అన్న మాటలన్నీ నాకే చెందాలి. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే కాస్త తేలికపడేదాన్ని. ఆయన వయొలిన్‌ని ఒళ్ళోకి తీసుకుని, "అయితే ఇకమీదట మీరు వాయించుకునేప్పుడు ఎలాగండీ?" అన్నారు. నా గురించి అంతలా ఎవరూ అడగలేదు. డాక్టరు కూడా.

పై గీత దగ్గర వాయించమన్నాను. ఆయన కుదురుగా కూర్చుని, కమాను లాగి, నెమ్మదిగా పైకి ఎక్కి పై షడ్జం మీద నిలిచారు. నేను కుడి చెవి అటు తిప్పి విన్నాను. అంత చక్కటి షడ్జం నా దగ్గర ఎవరూ వాయించలేదు. వాళ్ళావిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇదమ్మా, మొదట్లో ఇలాగే ఉండేది" అంది.

ఆ వచ్చే గురువారం ఆయన మళ్ళీ మా ఇంటికి వచ్చారు. నా కుడి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మిగతావాళ్ళందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను, ఎవరి ముందైతే ఆయన్ని అన్నానో వాళ్ళ ముందే చెప్పాలి కాబట్టి. తర్వాత, "నేను వాయించి చూపిస్తాను. పైస్థాయిలో నేనెక్కడ తప్పినా మీరు ఆపాలి బాబాయిగారూ" అన్నాను. ఆయన "అయ్యబాబోయ్, నా వల్ల కాదండి" అని చేతులు జోడించేశారు. "మీ వల్లే అవుతుంది. లేకపోతే వీళ్ళందరికీ నేను తప్పు నేర్పుతాను" అన్నాను.

వర్ణం ఎత్తుకున్నాను. పైకి వెళ్ళి షడ్జం మీద ఆగాను. నాకు బాగానే ఉన్నట్టనిపించింది. ఆయన ఇబ్బందిగా కదిలారు, గొంతు సవరించుకున్నారు, నా మొహం వంక కాకుండా నేల వంక చూస్తూ, "కొంచెం... పైకండి టీచరమ్మా" అన్నారు.

కోపం వచ్చిన మాట నిజం. నలభై ఏళ్ళలో ఆ మాట నాతో అన్నవాళ్ళు మా గురువుగారొక్కరే. వేలు పైకి జరిపాను. "ఇంకొంచెం" అన్నారాయన, ఈసారి తలెత్తి. ఇంకొంచెం జరిపాను.